నీ దగ్గరికి వచ్చిన బంతి

వఫ్రా,
12 జూన్ 1990

ప్రియమైన కొడుకు పెంచల్‌కు,

మీ నాయన తిమ్మయ్య రాస్తున్నాను. నా ఒళ్లు బాగుంది. నువ్వు కూడా బాగుండాలి.

నీ జాబు అబ్దుల్ హమీద్ లారీలో వచ్చింది. టమాటా పెట్టెల మధ్య పెట్టి తెచ్చాడు, ఒక మూల తడిసింది. మిగిలినది చదవడానికి రెండు పూటలు పట్టింది. ఇకమీదట అక్షరాలు పెద్దగా రాయి. నేను మూడో తరగతి వాణ్ణి, కడప కాలేజీ వాణ్ణి కాదు.

కంపెనీ ఫుట్‌బాల్ జట్టులో నిన్నూ, ఆ గోదావరి అచ్చిబాబునూ రెండు నెలలు చూసి, నచ్చితే జీతానికి పెట్టుకుంటారని రాశావు. బంతి తన్నేవాడికి జీతమెందుకో నాకు తెలియదు. రుమైథియాలో ఆ ఇంటి డ్రైవర్ పని నీకు నేను ఇప్పించాను. నీ యజమాని, ఆ బాబా, మంచివాడు గనక సాయంత్రాలు ఆటకు వదులుతున్నాడు. ఈ తోట యజమాని, నా కఫీల్ అయితే వదలడు.

ఆట నేర్పే మాస్టరు తిట్టాడని కూడా రాశావు. బంతి నీ దగ్గరికి వస్తే గోడకు తగిలినట్టు తగిలి అవతలికి పోతోందట. ఆ మాట చదివి వినిపిస్తే హమీద్ నవ్వాడు.

"ఏంది తిమ్మన్నా, కాలేజీలో అన్ని కప్పులు గెలిచినోడికి బంతి నిలవడం లేదా?"

"కప్పులు తన్నితే వచ్చినాయి. నిలపడం యాడ నేర్చినాడు వాడు?" అన్నాను.

ఇప్పుడు ఇక్కడ పుచ్చకాయల కాలం. కింద నుంచి ఒకడు విసురుతాడు, లారీ మీద నేను పట్టుకుంటాను. కొత్తవాళ్లు కాయ వస్తుంటే చేతులు ముందుకు చాచి బిగబెడతారు. కాయ పగులుతుంది. కాయ చేతికి తగిలిన క్షణం నుంచి చేతులు దానితో పాటే వెనక్కి రావాలి. దాని ఊపు నీ ఒంట్లోకి దిగిపోవాలి. ఈ సీజన్లో నా చేతిలో ఒక్క కాయ పగల్లేదు. కాలికీ అదే అనుకుంటాను. కాకపోతే మీ మాస్టరునే అడుగు, నన్ను అడగొద్దు.

తోటలో నాతో ఉన్న బంగ్లాదేశ్ అతను సెలవు మీద పోయాడు. మాట్లాడటానికి మేకలున్నాయి.

మీ నాయన,
తిమ్మయ్య


రుమైథియా,
18 జులై 1990

ప్రియమైన నాయనకు,

పెంచల్ దండాలు. అక్షరాలు పెద్దగా రాస్తున్నాను, చూడు.

నువ్వు చెప్పిన పుచ్చకాయ సంగతి మాస్టరుకు చెప్పాను. ఆయన ఈజిప్టు మనిషి, ఎప్పుడూ నవ్వడు. ఆ రోజు నవ్వాడు. మీ నాయన ఏ జట్టుకు ఆడాడని అడిగాడు. టమాటా జట్టుకు అని చెప్పాను.

అచ్చిబాబు అయితే, "ఒరేయ్ పెంచలూ, మాస్టర్ని పంపించేసి మీ నాన్నగార్ని పెట్టుకుంటే పోద్ది కదరా!" అంటున్నాడు.

మాస్టరు మాకు ఒక మాట చెప్పాడు. "కాలేజీలో మీరు చప్పట్ల కోసం తన్నారు. ఇక్కడ జీతం తన్నినందుకు కాదు. నీ దగ్గరికి వచ్చిన బంతి పోకూడదు, అందుకు జీతం. తోటివాడు నీవైపు చూడకుండానే బంతి పంపగలగాలి. ఆ నమ్మకం రావడానికి ఏళ్లు పడుతుంది, పోవడానికి ఒక్క సాయంత్రం చాలు." అప్పటినుంచి నేనూ అచ్చిబాబూ గోల్ కొట్టడం మానేశాం. ఒకడు పంపడం, ఒకడు అందుకోవడం, అంతే. పదింటిలో ఆరు నిలుస్తున్నాయి. పదికి తొమ్మిది కావాలంటాడు.

ఆగస్టు పది శుక్రవారం ఆఖరి పరీక్ష మ్యాచ్. అందులో నిలిస్తే కంపెనీ నా ఇఖామా, అదే ఇక్కడ ఉండే అనుమతి కాగితం, తన పేరుకు మార్చుకుంటుంది. నాయనా, నేను ఆడుతుంటే నువ్వు ఒక్కసారి కూడా చూడలేదు. హమీద్ లారీలో రా. మా బాబా వాళ్లు సెలవులకని కైరో పోయారు, ఇంట్లో నేనూ, వంట చేసే హుస్సేన్ బీ మాత్రమే ఉన్నాం. నా గదిలో పడుకోవచ్చు.

నీ కొడుకు,
పెంచల్


వఫ్రా,
14 ఆగస్టు 1990

ప్రియమైన కొడుకు పెంచల్‌కు,

నువ్వు బతికి ఉన్నావని హమీద్ చెప్పాడు. ఆ మాట నీ చేతిరాతతో కావాలి. రెండు ముక్కలు రాసి పంపు.

శుక్రవారం రావాలనుకున్నాను. చొక్కా కూడా ఉతికి పెట్టుకున్నాను. ఇంతలో ఇరాక్ సైన్యం ఈ దేశం మీద పడింది, నీ ఆటే లేకుండా పోయింది.

నా కఫీల్ మొదటి రోజే సౌదీ వైపు కారు తోలుకుని పోయాడు. ఇక్కడి నుంచి సరిహద్దు దగ్గరే. నా ముందు నుంచే పోయాడు, అద్దం దించలేదు. నాకు కోపం లేదు, వాడికి పిల్లలున్నారు.

పదకొండో తేదీన సిపాయిలు తోటకు వచ్చి పికప్ తాళంచెవి అడిగారు. ఇవ్వనన్నాను. తీసుకుపోయారు. ఖలాస్. మేకల్లో ఏడు మిగిలాయి.

నీకు ఒక్కటే చెబుతున్నాను. అనంతపురంలో రిఫరీని కొట్టి ఒక ఏడాది ఆటకు దూరమైనవాడివి నువ్వు. ఆ చెయ్యి ఇక్కడ లేపొద్దు. వీళ్ల దగ్గర ఈల లేదు, తుపాకీ ఉంది. కారు అడిగితే కారు ఇవ్వు, గడియారం అడిగితే గడియారం ఇవ్వు. నేను ఇవ్వలేదు కదా అని అడగొద్దు. నేను ముసలివాణ్ణి.

మీ నాయన,
తిమ్మయ్య


రుమైథియా,
29 ఆగస్టు 1990

ప్రియమైన నాయనకు,

ఇదిగో నా చేతిరాత. కారు అడిగారు, ఇచ్చాను. నువ్వు చెప్పావనే ఇచ్చాను.

ఆట మైదానంలో ఇప్పుడు సైన్యం లారీలు నిలబడి ఉన్నాయి. మాస్టరు జోర్డాన్ దారి పట్టాడు. అచ్చిబాబు ఉంటున్న గదులు ఖాళీ చేయించారు, వాడు నా దగ్గరికి వచ్చేశాడు. పగలంతా గేటు లోపలే ఉంటాం. పొద్దుపోక మొదటి రోజు వాకిట్లో బంతి ఆడాం. అది గోడకు తగలగానే హుస్సేన్ బీ చీపురుతో వచ్చింది.

"ఏమప్పా, మీకు బుద్ధి ఉండాదా? ఇంట్లో మగోళ్లు ఉండారని సిపాయిలకు దండోరా ఏస్తాండారా?"

"మామ్మగారూ, ఇక చప్పుడు రానియ్యం. ఒట్టు!" అన్నాడు అచ్చిబాబు.

"చప్పుడొస్తే మీ ఇద్దరికీ అన్నం లేదు, చూసుకోండి."

అప్పటినుంచి మా ఆటకు నియమం అది. ఎంత గట్టిగా పంపినా అవతలివాడు చప్పుడు లేకుండా అందుకోవాలి. గోడకు తగిలితే అన్నం మాట అటుంచు, వీధి చివర ఉన్న సిపాయి వస్తాడు. నాయనా, మూడు రోజులుగా ఒక్కటి కూడా పోలేదు. భయంతో నేర్చుకున్నదో, నువ్వు చెప్పినదో తెలియదు.

సాల్మియాలో స్కూలు దగ్గర మనవాళ్ల పేర్లు రాస్తున్నారు. బస్సులు బస్రా, బాగ్దాద్ మీదుగా అమ్మాన్ పోతాయి, అక్కడినుంచి బొంబాయికి విమానం. నీ పేరూ నా పేరూ రాయించాను. ఆదివారం బస్సు. హుస్సేన్ బీ రానంటోంది, ఇంటి యజమానురాలు మామా తాళాలు తన చేతిలో పెట్టి పోయిందట.

శుక్రవారం నేనే వఫ్రాకు వచ్చి నిన్ను తీసుకొస్తాను. నువ్వు లేకుండా నేను బస్సెక్కను. కోప్పడినా వినను.

నీ కొడుకు,
పెంచల్


వఫ్రా,
30 ఆగస్టు 1990

ప్రియమైన కొడుకు పెంచల్‌కు,

నువ్వు ఇక్కడికి రావద్దు. వచ్చినా ఖాళీ షెడ్డు చూస్తావు.

పక్క తోటల మనవాళ్లు పదిమంది ఒక లారీ మాట్లాడుకున్నారు. ఈ మధ్యాహ్నం బయలుదేరి బస్రా పోతోంది. నేను దానిలో పోతున్నాను. ఈ జాబు నీకు అందేసరికి బస్రా దాటి ఉంటాను. నేను లారీ ఎక్కడం హమీద్ కళ్లతో చూసే వస్తున్నాడు, అడుగు.

ఆదివారం బస్సు వదలొద్దు. అమ్మాన్‌లో కలుద్దాం. అక్కడ కనిపించకపోతే ముందు విమానంలో పోయాననుకో. నాకోసం ఎక్కడా ఆగొద్దు. నేనెప్పుడూ నీతో అబద్ధం చెప్పలేదు. ఆ నమ్మకంతో బస్సెక్కు.

మీ అమ్మ మద్దమ్మకు ముందు నువ్వు కనపడాలి.

మీ నాయన,
తిమ్మయ్య


బెంగళూరు,
3 ఏప్రిల్ 1991

ప్రియమైన నాయనకు,

ఇది ఎవరు చదువుతారో తెలియక రాస్తున్నాను. ఇంతకుముందు రాసిన ఐదు జాబులూ తిరిగి వచ్చాయి. యుద్ధం అయిపోయింది, పోస్టు మొదలవుతోందని పేపర్లో చూసి, తోట పోస్టుబాక్సుకే మళ్లీ రాస్తున్నాను. ఈ కవరు విప్పినవాళ్లు ఎవరైనా సరే, నందలూరు తిమ్మయ్య అనే మనిషి గురించి తెలిస్తే ఒక్క ముక్క రాయండి. మంచి వార్త కాకపోయినా రాయండి.

నాయనా, అమ్మాన్ గుడారాల్లో పదకొండు రోజులు ఉన్నాను. వఫ్రా నుంచి ఎవరైనా వచ్చారా అని గుడారం గుడారం అడిగాను. తోటలవాళ్లు ముగ్గురు దొరికారు. బస్రా లారీ సంగతి వాళ్లకు తెలియదు. నా విమానం వంతు రెండుసార్లు వదులుకున్నాను. మూడోసారి అచ్చిబాబు నన్ను చొక్కా పట్టుకుని లాక్కెళ్లాడు. వాడి మీద చెయ్యి లేపాను, పాపం, ఊరుకున్నాడు.

అమ్మ నీ గురించి నన్నేమీ అడగదు. అదే కష్టంగా ఉంది.

డిసెంబరులో అచ్చిబాబు నన్ను ఇక్కడికి తీసుకొచ్చాడు. ఫ్యాక్టరీ జట్టు వాళ్లు మైదానంలో ఇద్దరినీ చూశారు. వరుసగా నలభై బంతులు పంపారు. ఒక్కటే పోయింది, అదీ అచ్చిబాబుది. ఇద్దరికీ ఉద్యోగం ఇచ్చారు. ఇప్పుడు మ్యాచ్‌లో ఇరుక్కుపోతే కెప్టెన్ నన్ను చూడకుండానే బంతి నావైపు పంపుతాడు. అలా పంపిన ప్రతిసారీ నీకు చెప్పాలనిపిస్తుంది. ఎవరికి చెప్పను?

నువ్వు ఎక్కావన్న లారీ ఏమైంది, నాయనా?

నీ కొడుకు,
పెంచల్


రుమైథియా,
9 జూన్ 1991

ప్రియమైన కొడుకు పెంచల్‌కు,

మీ నాయన బతికే ఉన్నాడు. ఈ ముక్క ముందు మీ అమ్మకు చదివి వినిపించు, తర్వాత మిగతాది చదువు.

లారీ లేదు. పదిమందీ లేరు. నేను అప్పుడు వఫ్రా వదలలేదు. హమీద్ చేత కూడా అబద్ధం ఆడించాను, అతన్ని తిట్టొద్దు. కురాన్ మీద ఒట్టు పెట్టమని నువ్వు అడగలేదట, అడిగి ఉంటే చెప్పేసేవాణ్ణని ఇప్పటికీ అంటున్నాడు.

తాళంచెవి ఇవ్వనన్నప్పుడు ఒక సిపాయి తుపాకీ మడమతో నా కుడి మోకాలు పగలగొట్టాడు. నీకు పద్నాలుగో తేదీన రాసిన జాబు పడుకుని రాశాను. నువ్వు వస్తానన్న రోజుకు కాలు ఇంత లావున వాచి ఉంది. అది చూస్తే నువ్వు ఊరుకోవు. ఆ సిపాయిలు ఇంకా తోటలోనే ఉన్నారు. వాళ్లలో ఎవడని అడుగుతావు. నిన్ను కాలుస్తారు. నేను ఎంత ఆలోచించినా అక్కడికే వచ్చి ఆగింది. అందుకని రాశాను. ఆ జాబు పది వరుసలే, ఒక పగలంతా పట్టింది.

నువ్వు పోయిన వారానికి హమీద్ నన్ను ఖాళీ పెట్టెల కింద పడుకోబెట్టి ఇక్కడికి తెచ్చాడు. హుస్సేన్ బీ గేటు తీసి, "నీ కొడుకు అటు పోయె, నువ్వు ఇటొస్తివా? మీ ఇంట్లో ఎవురికీ తిన్నగా ఉండేది తెలీదా?" అని తిడుతూనే చెయ్యి అందించింది. తొమ్మిది నెలలు నీ మంచం మీదే పడుకున్నాను. దుప్పట్లో నీ తలనూనె వాసన నెల రోజులు ఉంది. కాలు కదిలిన మొదటి రోజు గోడ పట్టుకుని వాకిలంతా తిరిగాను. మీ బంతి మచ్చ ఎక్కడైనా ఉందేమోనని చూశాను. మొదటి రోజుది హుస్సేన్ బీ తుడిచేసిందట, ఇంకొక్కటి కూడా లేదు. అప్పుడు నాకు తెలిసింది నువ్వు పనివాడివయ్యావని. చెప్పడానికి ఎవరూ లేరు. హుస్సేన్ బీకి చెబితే, "గోడ శుబ్రంగా ఉంటే ఏడస్తాడేందప్పా ఈ మనిషి" అంది.

జనవరిలో బాంబులు పడ్డాయి. తర్వాత నూనె బావులు తగలబెట్టారు. ఇప్పటికీ పొగే, ఆరేసిన బట్టల మీద మసి. తోటలో మందుపాతరలు పెట్టారట, మేకలు ఏమయ్యాయో తెలియదు. నీ జాబు పోస్టుబాక్సులో ఉంటే మొన్ననే హమీద్ తెచ్చాడు. మామా వాళ్లు తిరిగి వచ్చారు, నాకు టికెట్ తీశారు. 22వ తేదీ బొంబాయి విమానం.

ఇక అసలు సంగతి. మోకాలు మడవదు. కర్రతో పది అడుగులు వేస్తాను, పదకొండోది పడతాను. విమానం దగ్గర చక్రాల కుర్చీ ఇస్తామన్నారు, మొదట వద్దన్నాను. హుస్సేన్ బీ చేతిలో మాటలు పడ్డాక సరేనన్నాను. బొంబాయి నుంచి నందలూరు దాకా రైలు. మెట్లు ఎక్కాలి, దిగాలి. ఈ వయసు దాకా నేను ఎవరి భుజం మీదా చెయ్యి వేయలేదు. పెళ్లినాడు కూడా మీ మామ భుజం పట్టుకోమంటే పట్టుకోలేదు.

మీకు మ్యాచ్‌లు ఎప్పుడెప్పుడు ఉంటాయో నాకు తెలియదు. మ్యాచ్ ఉంటే రావద్దని పైన రాశాను, చూడు. కొట్టేశాను.

మ్యాచ్ ఉన్నా రా.

మీ నాయన,
తిమ్మయ్య