డాక్టరమ్మకు చెప్పని మాట

12 ఆగస్టు 1964, బుధవారం, సుబేదారి

పొద్దున బాబుకు మళ్లీ ఫిట్స్ వచ్చాయి. అత్తమ్మ వాడి పిడికిట్లో ఇనుప తాళంచెవి పెట్టింది. ఆగాక దవాఖానకు పరుగెత్తాం.

"కడుపుతో ఉన్నప్పుడు ఏమన్న రంది, దిగులు పెట్టుకున్నవా?" డాక్టరమ్మ నన్నడిగింది.

నేను నోరు తెరవకముందే అత్తమ్మ అందుకుంది. "దానికేం రంది? నా బిడ్డ లెక్క చూసుకున్న."

అబద్ధం కాదు. కానీ ఏడో నెలలో నన్ను కన్న బాపు చనిపోతే, కడుపుతో ఉన్నది శవాన్ని చూడొద్దని అత్తమ్మ నన్ను పుట్టింటికి, పరకాల పోనివ్వలేదు. ఎవరికీ వినబడకుండా నోట్లో కొంగు కుక్కుకుని నెలంతా ఏడ్చాను. ఆ ఏడుపే లోపల వీడికి తగిలిందా? డాక్టరమ్మను అడగాల్సింది. అత్తమ్మ ముందు ఎలా అడగను?

తిరిగొస్తుంటే రిక్షాలో అత్తమ్మ మెల్లగా అంది. "ఆనాడు నిన్ను పోనిస్తే మంచిగుండునేమో బిడ్డా."

ఈసారి నోటికి కొంగు అడ్డం పెట్టుకోకుండా, ఆమె పక్కనే ఏడ్చాను.