ఆకుపచ్చ సిరా

ఫిబ్రవరి 3, మంగళవారం

మూసేస్తారట. ఒకే పేజీ ఉత్తరం, అందులో మూడుసార్లు ‘రిగ్రెట్’. మనవరాలి క్లాసు సగం రోజు తెలుగులో, సగం రోజు ఇంగ్లీషులో నడుస్తుంది. వచ్చే ఏడాది నుంచి అది ఉండదు. అలాంటి క్లాసు నడవాలంటే తెలుగు మాట్లాడే ఇళ్ళు ఇరవై ఉండాలట. స్కూలు రికార్డుల్లో నాలుగే ఉన్నాయట.

నాలుగు! మా ఒక్క వీధిలోనే తొమ్మిది ఉన్నాయి.

ఇరవై ఎనిమిదేళ్ళు ప్రెస్సులో ప్రూఫులు దిద్దినవాణ్ణి. తప్పు వేరు, అబద్ధం వేరు. ఇది అబద్ధం. ప్రిన్సిపాల్‌కి నేను పెట్టిన పేరు చిరునవ్వు. మనల్ని చూడగానే పళ్ళు బయటికొస్తాయి, చెవులు మూసుకుపోతాయి.

ఫిబ్రవరి 5, గురువారం, ఉదయం 7

ఈ స్కూలు మీద నా పగ ఈనాటిది కాదు. ముప్పై ఏళ్ళ కిందట మా అబ్బాయిని ఇక్కడే చేర్చాను. అప్పటికి మేము ఈ దేశం వచ్చి రెండు నెలలు. వాడికి ఏడేళ్ళు. తెచ్చుకున్న సామానులో బట్టల కంటే నా పుస్తకాలే ఎక్కువ. స్కూలువాళ్ళు ఇంటి గురించి ఒక ఫారం నింపమన్నారు. ఉన్నదున్నట్టు నింపాను. వారం తిరక్కుండా వాణ్ణి బాయిలర్ పక్క గదిలో కూర్చోబెట్టారు. భాష రాని పిల్లల గది. పాఠాలు లేవు. రంగు కాగితాలు కత్తిరించడం, అతికించడం. ఏడాదిన్నర!

గొడవపడి వాణ్ణి మామూలు క్లాసుకి మార్పించాను. అప్పటి ప్రిన్సిపాల్ ఎప్పుడో పోయాడు. పోయినంత మాత్రాన క్షమించాలని ఎక్కడా లేదు. ఆనాటి నుంచీ ఈ వీధిలో ఇంకే తల్లీ తండ్రీ నాలా మోసపోకుండా చూస్తూనే ఉన్నాను.

ఫిబ్రవరి 8, ఆదివారం

పళ్ళ డాక్టరు క్లినిక్‌లో మీటింగు. తొమ్మిదేళ్ళుగా తల్లిదండ్రుల కమిటీకి ఆయనే ప్రెసిడెంటు. అందరూ కూర్చోవడానికి కుర్చీలున్నది ఆయన దగ్గరే, అర్హత అంతే. ప్రిన్సిపాల్ మంచివాడని, గొడవ పెట్టుకుంటే పిల్లలకే నష్టమని, కావాలంటే శనివారాలు తన క్లినిక్‌లోనే అక్షరాలు దిద్దించుకుందామని సెలవిచ్చాడు. పిల్లలు నోరు తెరవడానికి అంతకంటే భయంకరమైన చోటు దొరకదని నేనన్నాను. ఎవరూ నవ్వలేదు.

వెనకాల నిలబడి మా కోడలు చెయ్యెత్తింది. ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు మడతపెట్టే పని తనది. ఆ యూనిఫాంలోనే వచ్చింది. ఆ నాలుగిళ్ళు ఏవో, ఏ కాగితం చూసి లెక్కపెట్టారో ఎవరైనా అడిగారా అంది. ఎవరూ అడగలేదు. అవన్నీ ఆఫీసు విషయాలమ్మా అన్నాడు డాక్టరు. తను మళ్ళీ అదే అడిగింది. మూడోసారి కూడా అదే.

నాకు తల కొట్టేసినట్టయింది. దారిలో చెప్పాను, సభలో మాట్లాడాలంటే నాలుగు పుస్తకాలు చదివి ఉండాలని. బస్సు వస్తోంది మామయ్యగారూ, నడవండి అంది.

ఫిబ్రవరి 15, ఆదివారం

డాక్టర్ని దించేశారు. కోడలిని ఎన్నుకున్నారు. పంతొమ్మిది చేతులు లేచాయి. నాది లేవలేదు.

ఫిబ్రవరి 19, గురువారం, మధ్యాహ్నం 3

మూడు భాషల్లో చదివాను. ఈ ఊరి లైబ్రరీలో నేను తిరగెయ్యని అల్మరా లేదు. ప్రెసిడెంటుగా ఉంటారా మాస్టారూ అని మర్యాదకైనా ఒక్కడూ అడగలేదు. దుప్పట్లు మడతపెట్టే పిల్ల కావలసి వచ్చింది.

చేతనైంది చేస్తోందని ఒప్పుకోవాలి. తల్లిదండ్రుల మీటింగులు ఎప్పుడూ ఉదయం పదకొండుకి పెట్టేవాళ్ళు. ఆ వేళకి మనవాళ్ళంతా పనుల్లో ఉంటారు. ఉదయం షిఫ్టు దిగాక, సాయంత్రం నాలుగున్నరకి పెట్టమంది. పెట్టారు. తెలుగు చెప్పే మనిషి పక్కన ఉండాలంది. ఉంచారు. తొమ్మిదేళ్ళు డాక్టరు ఏం చేశాడో ఆ పళ్ళకే తెలియాలి.

తనకోసం నాలుగు పేజీల ప్రసంగం రాసిచ్చాను, మాతృభాష గురించి, రెఫరెన్సులతో సహా. ఇవాళ చూస్తే వాటి వెనక మనవరాలు ఏనుగు బొమ్మ వేసుకుంది.

అయినా అసలు సలహా నాదే. రేపటి చరిత్ర కోసం ఇక్కడ రాసి పెడుతున్నాను. కాపీలు కాదు, ఒరిజినల్ ఫారాలే చూపించమని అడుగు, చిరునవ్వు అబద్ధం వాడి బీరువాలోనే దొరుకుతుంది అన్నాను. సరేనంది.

మార్చి 3, మంగళవారం, సాయంత్రం 6

కోడలు స్కూలు ఆఫీసు నుంచి వచ్చింది. బ్యాగు పెట్టింది, చేతులు కడుక్కుంది, నా ఎదురుగా కూర్చుంది. ఫోన్‌లో ఒక ఫొటో చూపించింది. స్కూల్లో చేరేటప్పుడు నింపే ఫారం. ‘ఇంట్లో మాట్లాడే భాష’ అన్న చోట ‘ఇంగ్లీషు’ అని ఉంది. ఇంకో ఫారం, ఇంగ్లీషు. ఇంకొకటి. మొత్తం ఇరవై మూడు.

అన్నీ ఆకుపచ్చ సిరాతో రాసినవే.

“మామయ్యగారూ, ఈ రాత మీదేనా?”

ఇంకెవరిది? గెజిటెడ్ ఆఫీసరులా ఆకుపచ్చ సిరా వాడేవాణ్ణి ఇక్కడ నేనొక్కణ్ణే. ఆ హోదా ఎవరూ ఇవ్వలేదు, నేనే తీసుకున్నాను. కొత్తగా వచ్చినవాళ్ళు ఆదివారాలు కాగితాలు పట్టుకుని మా ముందు గదికి వస్తారు. నేను నింపుతాను, చూపించిన చోట సంతకం పెడతారు. భాష అన్న గడి రాగానే నా చెయ్యి దానంతటది ఇంగ్లీషు అని రాసేస్తుంది. వీళ్ళ పిల్లలెవరూ ఆ బాయిలర్ గదికి పోకూడదని. ఆ గది తీసేసి పదకొండేళ్ళయింది. ఇప్పుడక్కడ సైకిళ్ళు పెడుతున్నారు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసీ రాశాను.

ఆ ఇరవై మూడిట్లో మనవరాలి ఫారం కూడా ఉంది. చిరునవ్వు అబద్ధం చెప్పలేదు.

మార్చి 4, బుధవారం

నేనెవరితోనూ మాట్లాడలేదు. నన్నెవరూ పలకరించలేదు. ఒళ్ళు మండింది రెండోదానికే.

మార్చి 6, శుక్రవారం

పదిహేడో తారీకున స్కూలు బోర్డు వింటుందట. ఫారాలు తప్పని ఒప్పించాలంటే, నింపిన మనిషి నిలబడి నేనే తప్పు రాశానని చెప్పాలట. కోడలు ఈ ముక్క బట్టలు మడతపెడుతూ చెప్పింది. ఆసుపత్రిలోనూ అదే పని, ఇంట్లోనూ అదే పని.

నేను లేచాను. నోటికొచ్చినవన్నీ అన్నాను. ఇన్నేళ్ళు ఈ వీధికి కళ్ళూ చేతులూ నేనే అయ్యానని, ఆ పళ్ళ డాక్టరు ముందు నన్ను చెవులు పట్టుకు నిలబెడతావా అని, కుర్చీ దొరికేసరికి కళ్ళు నెత్తికెక్కాయని. తను ఆఖరి తువ్వాలు కూడా మడతపెట్టింది.

“మీ పరువు మాటేమో గానీ, పిల్ల క్లాసు పోతుంది మామయ్యగారూ.”

అప్పుడు మా అబ్బాయి నోరు విప్పాడు. వాడు సిటీ బస్సు నడుపుతాడు. డ్యూటీ నుంచి వచ్చాక అన్నం పెట్టమని కూడా అడగడు, కంచం వంక చూస్తాడు.

“ఆ బాయిలర్ గదిలో నాకు బాగుండేది నాన్నా.”

అక్కడొక ఆయా ఉండేదట. ఏ వస్తువు చూపించినా మీ భాషలో దీన్నేమంటారని వాణ్ణే అడిగేదట. ఆ మాట ఆవిడకి నోరు తిరక్కపోతే పిల్లలంతా నవ్వేవాళ్ళట. వాడే అందరికీ నేర్పేవాడట. నేను మామూలు క్లాసుకి మార్పించాక మూడేళ్ళు వాడు నోరు తెరవలేదట. ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని అరిచాను.

“గెలిచానని సంబరపడ్డావు. ఎలా చెప్పను?”

మార్చి 7, శనివారం, ఉదయం 5

చచ్చినవాడిని ముప్పై ఏళ్ళు తిట్టాను. ఏ తప్పూ లేని చోట తిట్టాను. కోపం అలాగే ఉంది, దించుకోవడానికి మనిషే లేడు. పోనీ, కొంత డాక్టరు మీద ఉంచుకుంటాను.

మార్చి 17, మంగళవారం, సాయంత్రం 7

వెళ్ళాను. పిల్లల కుర్చీలు, మోకాళ్ళు గడ్డానికి తగిలేవి. పైజేబులో మూడు పేజీలు. కోడలు ముందే చెప్పింది, మనిషికి రెండు నిమిషాలని. మనవాళ్ళ పేర్లు మైకులో పిలిచేది తనే. నా పేరు పిలిచేటప్పుడు జేబు వంక చూసి అడ్డంగా తలూపింది. కాగితాలు తియ్యలేదు.

ఈ ఇరవై మూడు ఫారాలు నేనే నింపానని, ఈ ఇళ్ళన్నిటిలో మాట్లాడేది తెలుగేనని, నేను రాసింది అబద్ధమని చెప్పాను. ఎందుకు రాశారని అడుగుతారనుకున్నాను. దానికి ఎంత జవాబు సిద్ధం చేసుకున్నాను! అడగలేదు. చిరునవ్వు నవ్వలేదు. డాక్టరు లేచి నాకు తన కుర్చీ ఇచ్చాడు. అది పెద్దవాళ్ళ కుర్చీ. ఆ జాలి అరగడానికి నాకు ఇంకో ముప్పై ఏళ్ళు కావాలి.

కోడలు మైకులో థాంక్యూ, నెక్స్ట్ అంది. నాకూ అందరితో పాటే.

బోర్డువాళ్ళు నెలాఖరు వరకు టైమిచ్చారు. కొత్త ఫారాలు. ఎవరి ఇంటిది వాళ్ళే, తమ చేత్తోనే నింపాలి. ఇరవై వస్తే క్లాసు ఉంటుంది.

మార్చి 29, ఆదివారం

పెన్ను కోడలు తీసేసుకుంది. ఇది మనవరాలి పెన్సిలు.

ముందు గదిలో జనం. నా పని టీ అందించడం. కొందరు రాలేదు, భయమట. ఆ భయం నేర్పిన మాస్టారు ట్రే పట్టుకుని నిలబడ్డాడు. పాతవి నాలుగు, ఇవాళ పదిహేను. ఇంకొక్కటి తక్కువ.

నాలుగింటికి అబ్బాయి డ్యూటీ దిగి వచ్చాడు. కూతురు పక్కన కూర్చుని గాల్లో వేలితో రాసి చూపించింది. వాడు ఆ గడిలో తెలుగు అని, తెలుగులోనే రాశాడు. వంకరటింకరగా ఉంది, గీత దాటి పోయింది.

నేను దిద్దలేదు.