ఎడమ పక్క చోటు

సుజాతా,

నిన్న అమావాస్య. మగ్గం ఎక్కని రోజు కదా, గుర్రంగడ్డ దీవికి వెళ్ళొచ్చాను. "జనం లేనప్పుడు ఒక్క అమాసకన్న గడ్డకు పోదం" అని నువ్వు ఎన్నిసార్లు అడిగావో. ప్రతిసారీ వచ్చే నెల అన్నాను.

ఇప్పుడు సెలవులు కావు, కృష్ణలో నీళ్ళూ తగ్గాయి. రేవులో ఒకే పడవ ఉంది, ఎక్కింది నేనొక్కణ్ణే. బల్ల మీద కుడి చివరన కూర్చున్నాను.

"నడుమ కూసో అన్నా, పడవ ఒరుగుతుంది" అన్నాడు పడవ నడిపేవాడు.

జరిగాను. కాస్త దూరం పోయేసరికి మళ్ళీ కుడి చివరనే ఉన్నాను.

ఇరవై రెండేళ్ళు మగ్గం గుంటలో నా ఎడమ పక్కన కూర్చుని అంచు దారం తీసుకెళ్ళే నాడె అందించావు. అంచు నేత ఇద్దరి పని కాబట్టి నువ్వు పోయాక ఈ ఏడాదిగా సాదా చీరలే నేస్తున్నాను. అయినా నీ చోటు వదిలే కూర్చుంటున్నానని నిన్నటిదాకా నాకే తెలియదు.

"చెప్తె ఇనవేందన్నా!" అని విసుక్కుంటూ అతను దీవిలో ఎవరికో తీసుకెళ్తున్న బియ్యం మూటను ఎత్తి నా ఎడమ పక్కన పెట్టాడు. "గిప్పుడు సరిపాయె."

దీవిలో చూడడానికి ఏమీ లేదు. కోసేసిన వరి మళ్ళు, వెంట వచ్చిన ఒక కుక్క. నీకు నచ్చేది.

తిరిగొచ్చేటప్పుడు ఆ మూట లేదు. అతను చెప్పకముందే నేను నడుమకు జరిగి కూర్చున్నాను.