గడ్డ నొక్కిచూసే చుట్టాలు

సూర్యాపేట, 14 ఆగస్టు 2009, శుక్రవారం

ఈరోజు మనుషులంటేనే రోత పుట్టింది. మునగాల నుంచి మా ఆడబిడ్డ సత్తెమ్మ బ్రెడ్డు, బత్తాయిలు పట్టుకుని పరామర్శకు వచ్చింది. మిర్చి బజ్జీ తిన్న చేతులు కడగకుండానే, నా మెడ మీది గడ్డను సంతలో మామిడికాయ నొక్కినట్టు నొక్కింది.

"అయ్యో వదినె, మందే ఇయ్యలేదంటే డాక్టరు చేతులెత్తేసినట్టే గదా!" అని ఏడుపు అందుకుంది.

"ఆ ఏడుపు జర దాచుకో సత్తెమ్మా. నేను పోయిన్నాడు సాలకపోతది" అన్నాను.

డాక్టరు చెప్పింది వేరు. ఇది నిదానంగా పెరిగే లింఫోమా క్యాన్సర్, ఇప్పుడే మందు మొదలుపెట్టినంత మాత్రాన ఆయుష్షు పెరగదు, మూడు నెలలకోసారి చూపించుకుంటే చాలన్నాడు. జ్వరం వచ్చినా, గడ్డ పెరిగినా, ఒళ్లు తగ్గినా మాత్రం వెంటనే రమ్మన్నాడు. ఆగుదామని నిర్ణయించుకున్నది నేనే.

ఆ ఏడుపు విని మా కొడుకు శ్రీను సోమవారమే కీమో పెట్టిద్దామన్నాడు. అదీ నన్నడిగి కాదు, వాళ్ల మేనత్తనడిగి!

"ఒళ్లు నాదిరా, మీ అత్తది కాదు" అన్నాను.

సత్తెమ్మ వెళ్లాక, డిగ్రీ చదివే మనవరాలు స్వాతి నా భుజం పట్టుకుని చూసింది.

"నానమ్మా, జాకెట్ గింత లూజయిందేంది?"

"టైలర్ పాడు చేసిండే" అన్నాను.

అది రెండేళ్ల కిందట కుట్టించిన జాకెట్. పోయిన ఉగాదికి కూడా బిగుతుగానే ఉంది. సత్తెమ్మ జిడ్డు వేళ్ల కంటే నా అబద్ధమే ఎక్కువ రోతగా ఉంది. పొద్దున్నే తూకం చూసుకోవాలి. తగ్గి ఉంటే, శ్రీనుకు ఏ మొహం పెట్టుకుని చెప్పను...