అందంగా ఏడవని నగి

నెరిమా, టోక్యో
ఫిబ్రవరి 8

అమ్మకు,

కొయొమి నమస్కారాలు. మెడ పట్టేయడం తప్ప నేనిక్కడ కులాసాగా ఉన్నాను. నువ్వు కూడా అలాగే ఉన్నావని, సుజు పెద్దమ్మ మోకాలు కాస్త మాట వింటోందని అనుకుంటున్నాను. నువ్వు పంపిన కమలాపళ్ళ పెట్టె అందింది. సగం ఆఫీసుకు పట్టుకెళితే పావుగంటలో తొక్కలే మిగిలాయి. మత్సుయామాలో ట్రామ్ నడిపే మా అమ్మ పంపిందని అందరికీ గొప్పగా చెప్పుకున్నాను.

కిందటి ఉత్తరంలో నువ్వు రెండు ప్రశ్నలు అడిగావు. మేము గీసే ఆడపిల్లల కళ్ళు సాసర్లంత ఎందుకుంటాయన్నది మొదటిది. కళ్ళు పెద్దవైతే నాలుగు గీతల్లో కోపమో దుఃఖమో చూపించవచ్చు. నిజం చెప్పాలంటే, అలవాటు కూడా. "బొమ్మలు గీసుకునేవాళ్ళకు అన్నేసి గంటలు మీటింగులేమిటే?" అన్నది రెండోది. అమ్మా, సరిగ్గా ఆ సంగతి చెప్పాలనే కూర్చున్నాను. మూడు రోజులుగా నా కాలు నేల మీద నిలవడం లేదు.

మేము గీసే బొమ్మల సీరియల్‌లో నగి అనే అమ్మాయి పడవ కెప్టెన్ అని చెప్పాను కదా. తొమ్మిదో భాగంలో నగి తమ్ముడు చనిపోతాడు. ఆ కబురు విన్నాక నగి ఏడ్చే ఘట్టం మొత్తం నాకిచ్చారు. ఏడేళ్ళ ఉద్యోగంలో ఇంత పెద్ద ఘట్టం నా ఒక్కదాని చేతికి రావడం ఇదే మొదటిసారి! స్క్రిప్టులో ఒక్కటే వాక్యం ఉంది: నగి సముద్రం వైపు తిరుగుతుంది, ఒక కన్నీటి చుక్క జారుతుంది.

నేను దాన్ని గీయలేదు. నగి నేల మీద చతికిలబడి, నోరు వంకర పోయి, ముక్కు కారుతూ ఏడుస్తున్నట్టు గీశాను.

మీటింగులో ఆ కాగితాలు గోడకు అంటించగానే గొడవ మొదలైంది. మా డైరెక్టర్ ఇగరాషి గారు తల పట్టుకున్నారు.

"చీమిడి ఏమిటమ్మా కొయొమీ? జనం గుండె బరువెక్కాల్సిన చోట పక్కున నవ్వుతారు."

నా పక్క బల్ల దగ్గర కూర్చునే హిరుమా ఊరుకోలేదు. "ఆరో భాగంలో ముసలి సరంగు ఏడిస్తే ముక్కు ధారలు కట్టింది. నేనే గీశాను. శభాష్ అని వీపు తట్టారు మీరు."

"అతను మగవాడయ్యా!"

"అదేనండీ కొయొమి అడుగుతున్నది."

నగి మీద వీడియో గేమ్ కూడా వస్తోంది. ఆ కంపెనీ తరఫున ఒకాయన వచ్చి కూర్చున్నారు. గేమ్‌లో ఓడిపోతే మగ పాత్రలు పళ్ళు కొరికి నేల మీద గుద్దుతారట. నగి మాత్రం మోకాళ్ళ మీద కూలి, జుట్టు గాలికి ఎగురుతుండగా కళ్ళు తుడుచుకుంటుందట. "ఆడేవాళ్ళకు అలాగే నచ్చుతుంది, లెక్కలు చూపిస్తాను" అన్నారు.

"నేను రోజూ ఆడతాను. నన్నెవరూ అడగలేదే!" అన్నాను. హిరుమా నవ్వాపుకోలేక దగ్గాడు.

అసలు దెబ్బ నేను ఊహించని వైపు నుంచి తగిలింది. మినెగిషి గారు తెలుసుగా, మా బొమ్మలన్నిటినీ దిద్దే పెద్దావిడ. అరవై దాటాయి, పెన్సిల్ పడితే ఆవిడ ముందు ఎవరూ నిలబడలేరు. ఆడవాళ్ళ తరఫున వాదిస్తున్నాను కాబట్టి ఆవిడ నా పక్షమే అనుకున్నాను. ఆవిడ కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

"అమ్మాయ్, నేను పనిలో చేరిన రోజుల్లో ఆడ పాత్ర తెర మీదికి వస్తే ఎందుకు వచ్చినట్టో తెలుసా? కాలు జారి పడ్డానికి, గౌను ఎగరడానికి, నలుగురూ నవ్వడానికి. ఒక్క ఆడ పాత్ర గౌరవంగా ఏడవడానికి నేనెంతమందితో పోట్లాడానో నీకు తెలియదు. నువ్వొచ్చి దానికి మళ్ళీ చీమిడి పూస్తావా?"

ఆవిడ అన్నది అబద్ధం కాదు. నేను అన్నదీ అబద్ధం కాదు. ఇద్దరం ఒకే పిల్ల కోసం దెబ్బలాడుకుంటున్నాం.

"గౌరవమంటే అందంగా కనబడడమేనాండీ?" అన్నాను చివరికి.

"కాదు. కానీ వికారంగా ఏడిస్తే అదే నిజమైపోతుందా? నువ్వు చూశావా ఎవరైనా అలా ఏడవడం?"

అప్పుడు నేనొక పని చేశాను అమ్మా. ఇంత సంతోషంలోనూ దాన్ని నీకు రాయకుండా ఇక్కడిదాకా వాయిదా వేస్తూ వచ్చాను. నీ సంగతి వాళ్ళందరికీ చెప్పేశాను.

నాన్న పోయిన రోజు సుజు పెద్దమ్మ నన్ను స్కూలు నుంచి నేరుగా ట్రామ్ షెడ్డుకు తీసుకొచ్చింది. తను బయట మీ ఆఫీసరుతో మాట్లాడుతుంటే నేను లోపలికి వచ్చాను. మీరు భోజనాలు చేసే గది తలుపు ఓరగా తెరిచి ఉంది. ఆసుపత్రికి వెళ్ళడానికి కారు కోసం చూస్తూ నువ్వు ఒక్కదానివే కూర్చున్నావు. ఎదురుగా పొద్దున నాన్న కట్టిచ్చిన అన్నం డబ్బా ఉంది. నువ్వు తింటున్నావు. టోపీ పక్కకు ఒరిగిపోయింది, ముక్కు కారి పెదాల మీదికి వస్తోంది, అయినా అన్నం ముద్దలు ముద్దలుగా నోట్లో పెట్టుకుంటున్నావు. చుట్టిన గుడ్డట్టు కొరికి, "ఛీ, ఉప్పు! చక్కెర వెయ్యవయ్యా అంటే మళ్ళీ ఉప్పే వేశావూ!" అని పకపకా నవ్వావు. ఆ నవ్వు మధ్యలో నీ మొహం నాకు తెలియని మొహమైపోయింది.

అప్పుడు నాకు ఎనిమిదేళ్ళు. నేను చూసినట్టు నీకు ఇంతవరకూ చెప్పలేదు.

మీటింగులో నేను చెప్పడం అయ్యాక మినెగిషి గారు ఒక్కటే అడిగారు.

"మొత్తం తిందా?"

"మెతుకు మిగల్చలేదండీ."

ఆవిడ అద్దాలు పెట్టుకుని, కుర్చీ గోడ దగ్గరకు లాక్కుని, నా బొమ్మ మీదే, నగి చేతికి అన్నం డబ్బా ఇచ్చి, గీయడం మొదలుపెట్టారు. "నువ్వు తప్పు గీశావు. నవ్వు వచ్చేటప్పుడు ముందు నోరు కదలదు, ముక్కు పుటాలు కదులుతాయి. చేతిలో డబ్బా ఉంటే భుజాలు ఇలా ముడుచుకోవు. వదిలేస్తే అన్నం పడిపోతుంది కదా!" పది నిమిషాల్లో ఆరు బొమ్మలు. చీమిడి ఉంది, వంకర నోరు ఉంది, కానీ నవ్వాలనిపించలేదు. ఇగరాషి గారు కిటికీ దగ్గరికి వెళ్ళి కాసేపు వీధిలోకి చూశారు. "తమ్ముడు కట్టిచ్చిన డబ్బా అని రాయండి స్క్రిప్టులో" అన్నారు అటు తిరిగే. గేమ్ కంపెనీ ఆయన కూడా ఓడిపోయినప్పటి నగిని మళ్ళీ గీయించి చూస్తానన్నారు. ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. హిరుమా, నేను కారిడార్లో చెప్పులు జారిపోయేలా గెంతాం!

వెళ్ళేటప్పుడు మినెగిషి గారు, "మీ అమ్మను అడిగే చెప్పావు కదా?" అన్నారు. అడిగానన్నాను.

మర్నాడు పొద్దున ఆవిడ మొహం చూడలేక నిజం ఒప్పుకున్నాను. తిడతారనుకున్నాను. గీసిన కాగితాలన్నీ తన సొరుగులో పెట్టి తాళం వేశారు. "ఇది ఆవిడ మొహం. ఆవిడ సరే అంటే బయటికి వస్తుంది. లేదంటే ఇక్కడే ఉంటుంది. ఇరవయ్యో తారీకు దాకా ఇగరాషిని నేను ఆపుతాను" అన్నారు.

అందుకే ఈ ఉత్తరం. నువ్వు వద్దంటే కన్నీటి చుక్క బొమ్మ కూడా గీసి పెట్టాను, అదీ బాగానే వచ్చింది. నన్ను చూసి మొహమాటపడకు. నీ దుఃఖాన్ని పదిమంది ముందు పెట్టడానికి నాకు హక్కు లేదు. కోపం వస్తే ఫోన్ చేసి తిట్టు, పడతాను.

కానీ ఒక్కటి చెప్పనీ. ఆ రోజు నేను తలుపు దాటి ఆ గదిలోకి రాలేదు. భయం వేసి, చప్పుడు కాకుండా వెనక్కి పోయి పెద్దమ్మ చెయ్యి పట్టుకున్నాను. నువ్వు మొహం కడుక్కుని బయటికి వచ్చి, "ఆకలేస్తోందా తల్లీ?" అని అడిగితే లేదని తల ఊపాను. నీ పక్కన వచ్చి కూర్చోవలసింది అమ్మా.

నా ఘట్టంలో నగి అలా తింటూ, ఏడుస్తూ, నవ్వుతూ ఉండగా ఒక చిన్న పిల్ల తలుపు తోసుకుని లోపలికి వస్తుంది. ఏమీ అడగదు. పక్కన కూర్చుని నోరు తెరుస్తుంది. నగి చివరి గుడ్డట్టు ముక్క ఆ పిల్ల నోట్లో పెడుతుంది. అది స్క్రిప్టులో లేదు. ఎవరినీ అడక్కుండా నేనే కలిపాను.

ఇట్లు,
నీ జవాబు కోసం చూస్తూ,
నీ కూతురు
కొయొమి