చొక్కా విప్పమన్నారు

దోహా, 1996. శనివారం రాత్రి.

ఊపిరి పీల్చినప్పుడల్లా కుడి డొక్కలో పొడిచినట్టుంది.

పొద్దున నా పెట్టెలో గర్భనిరోధక మాత్రలు మా గదిలోనే ఉండే మల్లేశ్‌కు దొరికాయి. "పెండ్లాం లేదు, పిల్లల్లేరు, ఇవెందుకురా నీకు?" అంటూ చొక్కా చింపాడు. రెండేళ్లుగా ఆ మాత్రలు మింగి తెచ్చుకున్న రొమ్ములను గదిలో అందరూ చూశారు. "ఆడిదానివైతవా?" అని ఇనుప పైపుతో బాదాడు. నెత్తురొచ్చేదాకా వాడి చెయ్యి కొరికాను. మళ్లీ దొరికితే మళ్లీ కొరుకుతాను.

క్యాంప్ క్లర్క్ జాన్సన్ గారు భయపడ్డారు. "నిజం రాస్తే నిన్ను ఇంటికి పంపించేస్తారయ్యా" అని చీటీలో 'స్కాఫోల్డింగ్ మీంచి పడ్డాడు' అని రాసిచ్చారు. మేలు చేద్దామనే రాశారు. కానీ పైనుంచి పడ్డవాడికి క్లినిక్‌లో ఎక్స్‌రే తియ్యాల్సిందేనట.

"షర్ట్ ఉతారో" అన్నాడు డాక్టర్.

కాలర్ గట్టిగా పట్టుకున్నాను. కాంపౌండర్ లాగబోతే తోసేశాను. ట్రే ఎగిరి గోడకు తగిలింది. "పాగల్!" అని అరిచి, నొప్పి మాత్రలు చేతిలో పెట్టి గెంటేశారు.

ఆరు నెలలుగా ఎడమ పిక్క వాస్తోంది. ఆ మాత్రల వల్లేమోనని డాక్టర్‌ను అడగాలనుకున్నాను. ఎదురుగా కూర్చుని కూడా అడగలేకపోయాను...

మల్లేశ్ కూడా అదే క్లినిక్‌కు వెళ్లాడు. కుక్క కరిచిందని చెప్పాడట. కట్టు కట్టి, ఇంజెక్షన్ ఇచ్చి, మూడు రోజులు రెస్ట్ రాశారు.

ఆ కుక్కకు రేపు పొద్దున అయిదింటికి డ్యూటీ.