విప్పకుండా కాల్చిన కవర్లు

వెర్లీన్ తల్లీ,

దేవుడు రాయించిన పత్రాన్ని కుంపట్లో తగలబెట్టిన రాజు ఎవరో చెప్పు చూద్దాం? సండే స్కూల్లో నేనే నేర్పాను. గుర్తు రాకపోతే ఈ ఉత్తరం చివరిదాకా చదువు, నీకే తెలుస్తుంది.

ప్రభువు కృప వల్ల ఇక్కడ అందరం బాగున్నాం. మెంఫిస్‌లో నువ్వూ చిన్నది జొనెల్లా కూడా అలాగే ఉండాలని పొద్దున్నే మోకరించాను. మోకాళ్ల సంగతి అడిగావుగా, వంగడానికి ఒప్పుకుంటున్నాయి గానీ లేవడానికే పేచీ. బెండ బాగా కాసింది. మీ ఒడెస్సా అత్త లేతవన్నీ కోసుకుపోతూ, "ముదిరినవి నీకు వదిలానన్నయ్యా, నీకు జోడీ" అంది.

ఇక నీ ఇంటి సంగతి. క్రెడిట్ రిపోర్టులో ఆసుపత్రి బాకీ రెండువేల మూడువందల పద్దెనిమిది డాలర్లు కనబడిందనీ, ఇల్లు కొనడానికి బ్యాంకు అప్పు ఇవ్వనందనీ రాశావు. పోయినేడు మార్చిలో నువ్వు ఇక్కడున్నప్పుడు కిడ్నీలో రాయి నొప్పికి తీసుకెళ్లామే, ఆ ఆసుపత్రిదే. ఇన్సూరెన్సు ఉండగా బాకీ ఏమిటని నాకు ఒళ్లు మండింది. వసూలు కంపెనీకి ఫోను చేశాను. గంటసేపు పాట వినిపించాక ఒకాయన పలికాడు.

"తండ్రైతే ఏం సార్? ఖాతా మీది కాదుగా, వివరాలు చెప్పం. కట్టేట్టయితే మాత్రం కార్డు నంబరు చెప్పండి."

"చెప్పడానికి పరాయివాణ్ణి, కట్టడానికి తండ్రినా నాయనా?" అన్నాను. ఠక్కున పెట్టేశాడు.

నువ్వు పంపిన అనుమతి కాగితం పట్టుకుని ఆసుపత్రి బిల్లుల కిటికీ దగ్గరికెళ్లాను. గొంతు కాస్త లేచిందనుకో. అక్కడి పెట్‌వేగారు కళ్లజోడు పైనుంచి చూసి, "అయ్యగారూ, ఇది చర్చి కాదు, నాకు చెవుడూ లేదు. కూర్చోండి" అంది. తర్వాత చెప్పింది: "మీ అమ్మాయికి ఇంకో ఇన్సూరెన్సు ఉందా లేదా అని ఒక్క మాట అడిగారు ఇన్సూరెన్సు వాళ్లు. టిక్కు పెట్టి సంతకం చేస్తే మొత్తం వాళ్లే కట్టేవారు. మూడుసార్లు రాశారు. మేము రెండుసార్లు రాశాం. అన్నీ మీ ఇంటికే వచ్చాయి."

ఇల్లు మారే హడావుడిలో నా చిరునామా ఇచ్చావు కదా. ఉత్తరాలేమైనా వచ్చాయా నాన్నా అని నువ్వు రెండుసార్లు అడిగావు. రాలేదన్నాను. అబద్ధం చెప్పాను తల్లీ. అప్పటికే ఐదు వచ్చాయి.

పోయినేడు జూన్‌లో మన చర్చి అప్పు తీరింది. తీరిన అప్పు పత్రాన్ని పళ్లెంలో పెట్టి కాల్చే ఆదివారం ఎలా ఉంటుందో నీకు తెలుసు. మంట లేవగానే నాకు ఆవేశం ఆగలేదు. "ఇది అప్పుల విడుదల సంవత్సరం! విశ్వాసముంటే మీ బిల్లులూ తెచ్చి కాల్చండి!" అని కేకేశాను. ఒక్కరూ కదల్లేదు. అప్పుడు బైబిల్లో పెట్టుకున్న నీ ఐదు కవర్లూ తీసి, విప్పకుండానే మంటలో వేశాను. హల్లెలూయలతో చర్చి పైకప్పు ఎగిరిపోయినంత పనైంది. ఒడెస్సా ఒక్కతే, "అన్నయ్యా, అవి తీరిన అప్పులేనా?" అంది. అల్పవిశ్వాసీ అని నలుగురిలో గద్దించాను. తర్వాత వచ్చిన వసూలు కంపెనీ కవర్లు కూడా సాతాను పంపినవే అనుకుని పొయ్యిలో వేశాను.

మొన్న ఒడెస్సా దగ్గర అంతా ఒప్పుకున్నాను. బెండకాయలు తరుగుతూ తలెత్తకుండానే అంది: "హిజ్కియా రాజు కూడా శత్రువు పంపిన బెదిరింపు ఉత్తరాన్ని దేవుడి ముందు పరిచాడు అన్నయ్యా. కానీ ముందు చదివాడు. కాల్చినవాడు యెహోయాకీము." నలభై ఏళ్లుగా బోధిస్తున్నాను, నాకు తట్టనే లేదు. ఆ రాజు నేనే. ఫోనులో నీ గొంతు వింటూ ఇది చెప్పే ధైర్యం లేక రాస్తున్నాను. ఈ ఆదివారం అదే పళ్లెం ముందు నిలబడి అందరికీ చెబుతాను.

నువ్వు కోప్పడు, నాకు తగినదే. కానీ ముందు ఈ పని చెయ్యి. ఇన్సూరెన్సు కాగితం ఇందులో పెట్టాను. సంతకం చోట ఎర్ర పెన్సిలుతో గీత గీశాను. పెట్‌వేగారు బతిమాలితే ఇన్సూరెన్సు వాళ్లు ఈ ముప్పయ్యో తేదీ దాకా ఆగుతామన్నారట. అందిందా, బిల్లు వాళ్లు కడతారు, ఆసుపత్రి ఆ బాకీని వెనక్కి పిలుస్తుంది, రిపోర్టులో మచ్చ పోతుంది. అందకపోతే ఆ ఇల్లు ఇంకొకరిది. వసూలువాడికి ఒక్క డాలరూ పంపకు.

ప్రార్థించి చేస్తానని పక్కన పెట్టకు. ప్రార్థన ఇక్కడ నేను చేస్తున్నాను. నువ్వు కలం తియ్యి, సంతకం పెట్టు, ఈ పూటే, పోస్టాఫీసు మూసేలోగా వేసిరా!

ఇట్లు,
ఇకమీదట ప్రతి కవరూ విప్పి చదివే
నీ నాన్న,
లూషస్ టార్వర్